స్వీయ హిప్నాసిస్‌కి గదంతా సిద్ధం చేశాను, అయినా ఏమీ జరగడం లేదు

రెప్పపాటు | సోమవారం, రాత్రి 11:52

మూడు వారాలుగా స్వీయ హిప్నాసిస్ ప్రయత్నిస్తున్నాను, అంటే మనసుని ఒకేచోట నిలిపి మనకి మనమే సూచనలిచ్చుకోవడం. కారణం గోళ్లు కొరుక్కునే అలవాటు. ముప్పై నాలుగేళ్లొచ్చినా పోలేదు. మీటింగుల్లో చేతులు బల్ల కింద దాచుకోవాల్సి వస్తోంది.

ఏర్పాట్లలో లోటేమీ చేయలేదు. కిటికీలకు మందపాటి కర్టెన్లు, నీలం జీరో బల్బు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్. వాన చప్పుడు వెనక ఒకాయన గంభీరమైన గొంతుతో "లోతుకు... ఇంకా లోతుకు..." అంటూ ఉండే ఆడియో. మంచం మీద వెల్లకిలా పడుకుని వింటాను.

జరిగేది రెండే. పది నిమిషాల్లో గురక పెట్టేస్తాను. లేదంటే ఆయన "లోతుకు" అన్న ప్రతిసారీ లోపల "లేదు, ఇంకా పైనే ఉన్నా" అని జవాబు చెప్పుకుంటూ ఉంటాను. ఈలోగా ముక్కు మీద దురద. గదిలో ఇంకేం మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 6:10

మీకు గది ఉంది, కర్టెన్లు ఉన్నాయి. నేను పగలు పడుకునేవాణ్ణి, పక్కన బిల్డింగు కడుతున్నారు. పొద్దున తొమ్మిదికి డ్రిల్లింగ్ మెషీన్ మొదలు. నాలాంటివాళ్లకీ ఏదైనా దారి ఉంటే ఇక్కడే చెప్పండి, ఫాలో అవుతున్నా.

పాతగడియారం | మంగళవారం, ఉదయం 8:35

రెప్పపాటు గారూ, నేను క్లినికల్ సైకాలజీలో పనిచేస్తాను, పనిలో హిప్నాసిస్ వాడతాను. మీరు రాసింది చదివితే నవ్వొచ్చింది, ఏమనుకోకండి. రాత్రి పన్నెండు, మంచం, చీకటి, వెల్లకిలా పడుకోవడం. ఇవన్నీ కలిపితే ఒంటికి అర్థమయ్యేది ఒక్కటే, పడుకోమంటున్నారని. అది చెప్పిన మాట వింటోంది.

ముందు మంచం దిగండి. చేతులు ఆనించుకునే వీలున్న కుర్చీ చాలు. పాదాలు రెండూ నేల మీద, తల వెనక ఆసరా. అలాంటి కుర్చీ లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. జర్మన్ మనోవైద్యుడు యోహానెస్ షుల్ట్స్ 1932లో ఆటోజెనిక్ ట్రైనింగ్ అనే స్వీయ సాధనను పుస్తకంగా తెచ్చాడు. అందులో దీన్ని గుర్రపు బండివాడి భంగిమ అంటారు. స్టూలు అంచున కూర్చుని, ముంజేతులు తొడల మీద వదిలేసి, వీపు కాస్త వంచి, తల ముందుకు వాల్చడం. సవారీ కోసం ఎదురుచూస్తూ కునికే బండివాడు అలాగే కూర్చునేవాడట. నిద్ర ముంచుకొస్తే తల తూలి మీకే తెలుస్తుంది.

వేళ కూడా మార్చండి. ఒళ్లు అలసిపోని, కడుపు నిండుగా లేని వేళ ఏదైనా సరే. బాత్రూముకి వెళ్లొచ్చి కూర్చోండి. ఇది చిన్న మాటలా ఉంటుంది కానీ నేను చూసిన విఫలమైన సెషన్లలో సగం దీనివల్లే. కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. వాచీ పట్టీ, బెల్టు వదులు చేయండి. కదలకుండా కూర్చుంటే కాసేపటికి చలేస్తుంది, మోకాళ్ల మీద పల్చటి దుప్పటి వేసుకోండి. ఇరవై నిమిషాలకు మెత్తటి శబ్దంతో అలారం పెట్టండి. అలారం లేకపోతే "టైమెంతయిందో" అని మనసు గడియారం చుట్టూ తిరుగుతుంది.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. తలుపు వేసుకోవడం కంటే "ఇరవై నిమిషాలు పిలవకండి" అని ఒక మాట చెప్పి కూర్చోవడం ఎక్కువ పనిచేస్తుంది. తలుపు వేసి, చెప్పకుండా కూర్చుంటే చెవి తలుపు దగ్గరే ఉంటుంది.

ఋజువేది | మంగళవారం, మధ్యాహ్నం 1:20

కుర్చీ, దుప్పటి, బెల్టు... ఇదంతా నాటకానికి రంగాలంకరణలా ఉంది. ఒంట్లో పారే అయస్కాంత ద్రవంతో జబ్బులు నయం చేస్తానన్న డాక్టరు మెస్మర్ వ్యవహారం 1784లోనే ఫ్రాన్సు రాజు వేసిన కమిషన్ తేల్చేసింది కదా. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజర్ ఉన్న కమిషన్ అది. అయస్కాంత ద్రవం లేదు, గిద్రవం లేదు, అంతా ఊహ అని రాసి చేతులు దులుపుకున్నారు.

పాతగడియారం | మంగళవారం, మధ్యాహ్నం 2:05

కరెక్టే. ఆ కమిషన్ చేసిన పరీక్షల్లో నాకు బాగా నచ్చినది చెట్ల పరీక్ష. పారిస్ దగ్గర ఫ్రాంక్లిన్ ఉండే పాసీలో, తోటలో ఒక చెట్టుకి "అయస్కాంత శక్తి" పట్టించారు. పన్నెండేళ్ల కుర్రాడి కళ్లకు గంతలు కట్టి చెట్ల దగ్గరికి ఒక్కొక్కదానికీ తీసుకెళ్లారు. వాడు శక్తి లేని చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. ద్రవం లేదని తేలింది, నిజమే. కానీ కుర్రాడు పడిపోవడం మాత్రం నిజమేగా? ఏ చెట్టయినా ఒకటే, వాడు ఎదురుచూసినది జరిగింది. మీరు ఊహ అని తోసేస్తున్నారు, మేము పనిచేసేదే దానితో.

ఋజువేది | మంగళవారం, మధ్యాహ్నం 2:11

సరే, ఆ పాయింటు మీకే. అయితే రెప్పపాటు గారి నీలం బల్బుతో పనేంటి?

పాతగడియారం | మంగళవారం, మధ్యాహ్నం 2:30

పనేమీ లేదు. ఆయనకి ఇష్టమైతే ఉంచుకోవచ్చు. నేను ట్యూబులైటు కింద, ఆసుపత్రి వార్డులో, పక్క మంచం మీద మనిషి దగ్గుతుండగా కూడా చేశాను.

నీలిగోరింట | మంగళవారం, సాయంత్రం 5:45

ఇంకొకరు చేయించేటప్పటి సంగతి నేను చెప్తాను. పళ్ల డాక్టరు కుర్చీ అంటే నాకు వణుకు, అందుకని ఒకరి దగ్గరికి వెళ్లాను. ఆ మనిషి నన్ను ఏమీ అడగకుండానే మొదలుపెట్టారు. "పది మెట్లున్నాయి, ఒక్కొక్కటీ దిగుతున్నారు" అన్నారు. నేను చిన్నప్పుడు మెట్ల మీంచి దొర్లి చెయ్యి విరగ్గొట్టుకున్నదాన్ని. మూడో మెట్టుకే గుండె దడదడ. ఆయనేమో "హాయిగా ఉంది" అంటున్నారు.

తర్వాత వెళ్లినావిడ మొదటి గంటలో హిప్నాసిస్ ఊసే ఎత్తలేదు. మీకు హాయిగా అనిపించే చోటు ఏది, నీళ్లంటే భయమా, ఎత్తులంటే భయమా, లిఫ్టంటే పడుతుందా, ఇంతకుముందు ఎవరైనా చేశారా, చేస్తే ఏం నచ్చలేదు, ఇవన్నీ అడిగారు. స్పృహ తప్పదనీ, నా మాటలు నాకు వినిపిస్తూనే ఉంటాయనీ, నచ్చకపోతే కళ్లు తెరవొచ్చనీ చెప్పారు. మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తాల్సి వస్తే ముందు అడుగుతానన్నారు. మా అక్కని కూడా గదిలో కూర్చోనిచ్చారు. నా ఎదురుగా కాకుండా కాస్త పక్కకి కూర్చున్నారు, ఎవరో నన్నే చూస్తున్నారన్న ఇబ్బంది పోయింది. మెట్ల బదులు పిండి జల్లెడలోంచి జారుతున్నట్టు ఊహించుకోమన్నారు. అది నేను చెప్పిన బొమ్మే.

నా దృష్టిలో అసలు హిప్నాసిస్ ఆ గంటలోనే సగం అయిపోయింది.

తొందరపిచ్చుక | మంగళవారం, రాత్రి 9:02

బ్రో, ఒకరికి తెలియకుండా వాళ్లని హిప్నటైజ్ చేయాలంటే గదిలో ఎలాంటి సెటప్ ఉండాలి? ఫ్రెండుకి సర్‌ప్రైజ్.

నీలిగోరింట | మంగళవారం, రాత్రి 9:06

పైన నేను రాసింది ఒకసారి చదువు నాయనా.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:30

తెలియకుండా చేయడం గురించి ఇక్కడ చర్చ లేదు. ఇంకో రెండు మాటలు, అందరికీ. కారు, బండి నడుపుతూ ఈ ఆడియోలు వినకండి. మూర్ఛ వ్యాధి, భ్రమలు కలిగించే మానసిక జబ్బులు ఉన్నవాళ్లు, గతంలో పెద్ద ఆఘాతం తగిలినవాళ్లు ఒంటరిగా ప్రయత్నించకుండా ముందు డాక్టరుతో మాట్లాడండి. నొప్పి తగ్గించుకోవడానికి చేసేవాళ్లు ఆ నొప్పి ఎందుకొస్తోందో ముందు తేల్చుకోండి. చర్చ కొనసాగించండి.

రెప్పపాటు | బుధవారం, రాత్రి 8:15

కుర్చీలో కూర్చున్నా. సాయంత్రం ఆరింటికి. ఇంట్లో చెప్పాను, బాత్రూము, బెల్టు, దుప్పటి, అన్నీ చేశా. నిద్ర రాలేదు, అది మంచిదే. కానీ ఇరవై నిమిషాలూ "వచ్చిందా, రాలేదా" అని చూస్తూ కూర్చున్నా. పొయ్యి మీద పాలు పెట్టి పొంగాయా లేదా అని నిలబడి చూసినట్టు.

కాగితంపడవ | బుధవారం, రాత్రి 8:50

చూస్తూ ఉంటే పాలు పొంగవని మా అమ్మ అనేది :) 

నాకూ ఇదే రోగం ఉండేది. నాకు పనికొచ్చింది ఉంగరం ఆట. దారానికి ఉంగరం కట్టి, కాగితం మీద గుండ్రం గీసి అందులో ప్లస్ గుర్తు వేయండి. మోచేయి బల్లకి ఆనించి, ఉంగరం ప్లస్ మధ్యలో వేలాడేలా పట్టుకోండి. చెయ్యి కదపకండి. అటూ ఇటూ ఊగుతోందని ఊహించుకుంటూ గీతనే చూడండి. తర్వాత గుండ్రంగా తిరుగుతోందని ఊహించుకోండి. ఏం జరిగిందో వచ్చి చెప్పండి, నేనిప్పుడే చెప్పను.

పాతగడియారం | గురువారం, ఉదయం 9:10

మంచి సలహా. దీనిమీద ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1833లోనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఆంపియర్‌కి బహిరంగ లేఖ రాశాడు. ఫలితం మాత్రం నేనూ చెప్పను.

పాల పోలిక బాగుంది. అందరం గదిలో చప్పుడు, వెలుతురు గురించే కంగారు పడతాం. గదిలో అసలు ఇబ్బంది పెట్టేది మనం పెట్టుకున్న కాపలావాడు. ఎవరైనా తలుపు కొడతారేమో, ఫోన్ మోగుతుందేమో, టైమ్ అయిపోతుందేమో, ఇవి వాడి డ్యూటీ. అలారం, ఇంట్లోవాళ్లకి చెప్పడం, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం, ఇవన్నీ వాడికి సెలవివ్వడానికే. మీ కాపలావాడు వాటన్నిటినీ వదిలేసి చివరి డ్యూటీ ఒకటి పట్టుకున్నాడు, "హిప్నాసిస్ వచ్చిందా లేదా". వాడిని తరిమేస్తే పోడు. వాడికి వేరే పని చెప్పాలి.

పాత పద్ధతి ఒకటుంది. మాంచెస్టర్‌లో ఉండే స్కాట్లండు సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ 1841లో ఒక మెస్మరిస్టు ప్రదర్శన చూశాడు. మోసం పట్టుకుందామని వెళ్లి, కళ్లు అలసిపోవడంలో ఏదో ఉందని తిరిగొచ్చాడు. మెరిసే వస్తువుని కళ్లకు ఎనిమిది నుంచి పదిహేను అంగుళాల దూరంలో, నుదుటికి పైన ఉండేలా పట్టుకుని తదేకంగా చూడమనేవాడు. తల ఎత్తకూడదు, కళ్లే పైకి చూడాలి. రెప్పలు వాటంతటవే బరువెక్కుతాయి. ఇది శరీరం చేసే పని. వచ్చిందా రాలేదా అని అడిగే కాపలావాడికి "ఇదిగో, రెప్పలు అదురుతున్నాయి, చూసుకో" అని చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. మీరు గోడ మీద, కంటి మట్టానికి పైన, చిన్న చుక్క పెట్టుకుంటే సరిపోతుంది. లెన్సులు తీయమన్నది ఇందుకు కూడా. కళ్లు మంట పుడితే బలవంతం చేయకుండా మూసేయండి.

నిద్రకి గ్రీకు పేరు హిప్నోస్. ఆ పేరు మీదే హిప్నాసిస్ అన్న పదం వచ్చింది. ఇది నిద్ర కాదని బ్రెయిడ్ తర్వాత గ్రహించి 1847లో "ఒకే భావం" అన్న అర్థమొచ్చే మోనోఇడియిజం అనే మాట తెచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ పేరే నిలిచుంటే మీరు మంచం ఎక్కేవారు కాదేమో.

ఋజువేది | గురువారం, ఉదయం 11:25

అంటే ఒళ్లు సడలించడం కూడా తప్పనిసరి కాదా?

పాతగడియారం | గురువారం, మధ్యాహ్నం 12:40

కాదు. స్టాన్‌ఫర్డ్‌లో బాన్యాయి, హిల్గార్డ్ అనే ఇద్దరు 1976లో ప్రచురించిన ప్రయోగం ఉంది. కదలని వ్యాయామ సైకిల్ మీద మనుషుల్ని కూర్చోబెట్టి, కళ్లు తెరిచే, గట్టిగా తొక్కిస్తూ, మెలకువగా ఉన్నారనీ హుషారుగా ఉన్నారనీ సూచనలిచ్చారు. కళ్లు మూసుకుని సడలినవాళ్లు ఎంత స్పందించారో వీళ్లూ దాదాపు అంతే స్పందించారు. సడలింపు సులువైన దారి, అందుకే అందరూ అటు పోతారు. గోళ్లు కొరికే మనిషికి ఒక్కచోట కదలకుండా కూర్చోవడమే శిక్ష అయితే, నెమ్మదిగా నడుస్తూ అయినా చేయొచ్చు.

రాత్రిడ్యూటీ | గురువారం, మధ్యాహ్నం 1:15

నా డ్రిల్లింగ్ మెషీన్ సంగతి ఎవరూ చెప్పలేదండీ.

కాగితంపడవ | గురువారం, మధ్యాహ్నం 1:40

దాన్ని ఆపలేరు కాబట్టి వాడుకోండి. మొదలుపెట్టే ముందే మీకు మీరు చెప్పుకోండి, "ఆ మెషీన్ మోగిన ప్రతిసారీ నా భుజాలు ఇంకాస్త కిందికి జారతాయి" అని. చప్పుడు రాకూడదని కూర్చుంటే ప్రతి చప్పుడూ దెబ్బే. వస్తుందని కూర్చుంటే, వచ్చిన ప్రతిసారీ మీరన్నదే జరిగినట్టు.

రాత్రిడ్యూటీ | గురువారం, మధ్యాహ్నం 1:44

వినడానికి పిచ్చిగా ఉంది. రేపు చేస్తా.

రెప్పపాటు | గురువారం, రాత్రి 10:20

ఉంగరం ఊగింది!! నేను చెయ్యి కదపలేదు, ఒట్టు. గుండ్రంగా తిరగమంటే తిరిగింది. మా ఆవిడ చూసి దారం లాక్కుని తనూ చేసింది, తనకి ఇంకా పెద్దగా తిరిగింది. పది నిమిషాల తర్వాత గానీ తట్టలేదు, ఆ సేపంతా "వచ్చిందా రాలేదా" అన్న ప్రశ్నే నాకు గుర్తురాలేదు.

పాతగడియారం | శుక్రవారం, ఉదయం 8:00

చెయ్యి కదిలింది. మీకు తెలియకుండా, కంటికి కనిపించనంత కొంచెంగా. ఊహ కండరాలకి చేరింది, మధ్యలో మీ అనుమతి అడగలేదు. ఇంతకుమించి వింత ఏమీ ఉండదు హిప్నాసిస్‌లో. దీన్నే కుర్చీలోకి తీసుకెళ్లండి.

షుల్ట్స్ పద్ధతిలో మొదటి మెట్టు "నా కుడి చెయ్యి బరువుగా ఉంది". ఎడమచేతి వాటమైతే ఎడమది. బరువెక్కాలి అని చెయ్యిని తొందరపెట్టకండి. తడి బట్ట చేతిమీద కప్పినట్టు ఊహించుకుని, ఏం చేస్తుందో చూద్దామన్నట్టు ఉండండి. బరువు తెలిశాక కళ్లు ఒకసారి తెరిచి, మళ్లీ మూయండి. రెండోసారి మూసినప్పుడు మొదటిసారి కంటే త్వరగా లోపలికి పోతారు. ఇలా మూడు నాలుగు సార్లు చేయండి. ఆ ఒకాయన గంభీరమైన గొంతు తీసేయండి. మీ గొంతుతోనే, మీ ఇంటి భాషలో రికార్డు చేసుకోండి.

పైకి వచ్చేటప్పుడు హడావుడి వద్దు. ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి, చేతులు గట్టిగా ముడిచి చాచి, లోతుగా ఊపిరి తీసి, అప్పుడు కళ్లు తెరవండి. ఈ క్రమం వదిలేస్తే చేతుల్లో ఆ బరువు కాసేపు ఉండిపోవచ్చు. లేచాక అయిదు నిమిషాలు బండి ముట్టుకోవద్దు. అందులోనే ఉండిపోతామేమో అని కొందరికి భయం. ఎవరూ ఉండిపోరు. మహా అయితే నిద్రపోయి లేస్తారు. ఇల్లు కాలుతున్న వాసనొస్తే మామూలుగానే లేచి పరుగెడతారు.

కాగితంపడవ | శుక్రవారం, ఉదయం 10:30

గోళ్ల గురించి ఏం చెప్పుకుంటున్నారు? మాటలు ముందే కాగితం మీద రాసుకోవాలి, మగతలో వెతుక్కోకూడదు.

రెప్పపాటు | శుక్రవారం, ఉదయం 10:48

"నేను ఇకమీదట గోళ్లు కొరకను."

కాగితంపడవ | శుక్రవారం, ఉదయం 11:15

అదీ సంగతి. ఆ వాక్యం వినగానే మీ కళ్ల ముందు వచ్చిన బొమ్మ ఏమిటి? గోళ్లు కొరుకుతున్న మీరే కదా. "వద్దు"కి బొమ్మ ఉండదు.

ఎమిల్ కువే అని ఫ్రాన్సులో ఒక మందుల షాపాయన ఉండేవాడు. సంకల్పానికీ ఊహకీ పోటీ వస్తే ఎప్పుడూ ఊహే గెలుస్తుంది అనేవాడు. నిద్ర పట్టాలని ఎంత పట్టుదలగా ప్రయత్నిస్తే అంత పట్టదు చూడండి, అది. రోజురోజుకీ అన్ని విధాలా బాగవుతున్నానన్న వాక్యాన్ని పొద్దున లేవగానే, రాత్రి పడుకునే ముందు, ఇరవై సార్లు చెప్పుకోమనేవాడు. లెక్క కోసం ఇరవై ముడులున్న దారం. లెక్కపెట్టే పని వేళ్లకి అప్పగిస్తే మనసు ఖాళీ అవుతుంది. పాతగడియారం గారి కాపలావాడికి ఇచ్చిన పనే.

మీకైతే ఒకే సూచన, ఒకే సిటింగులో: "చెయ్యి నోటి వైపు లేవగానే బొటనవేలు చూపుడువేలిని తాకుతుంది, చెయ్యి ఒడిలోకి దిగుతుంది." వేళ్లు తాకడాన్ని కుర్చీలో నాలుగైదుసార్లు నిజంగా చేసి చూడండి.

ఋజువేది | శుక్రవారం, మధ్యాహ్నం 3:00

నేనూ గుట్టుగా ప్రయత్నించాను. చెయ్యి బరువెక్కలేదు, ఉంగరం కొంచెం వణికింది అంతే. నా కుర్చీలో లోపమా, నాలో లోపమా?

పాతగడియారం | శుక్రవారం, సాయంత్రం 4:20

రెంటిలోనూ కాదు. మనుషుల్లో ఈ తేడా ఉంటుంది. 1959లో వైట్సెన్‌హాఫర్, హిల్గార్డ్ స్టాన్‌ఫర్డ్‌లో దీన్ని కొలిచే స్కేలు తయారు చేశారు, పన్నెండు పరీక్షలు. కొద్దిమంది దాదాపు అన్నిటికీ స్పందిస్తారు, కొద్దిమంది దాదాపు దేనికీ స్పందించరు, ఎక్కువమంది మధ్యలో. ఒకసారి కొలిచినవాళ్లనే ఇరవై ఐదేళ్ల తర్వాత మళ్లీ కొలిచి 1989లో ప్రచురించారు. స్కోర్లు పెద్దగా మారలేదు. తెలివితక్కువవాళ్లకే పనిచేస్తుందన్నది ఒట్టి మాట, తెలివైనవాళ్లకి పనిచేయదన్నదీ అంతే. పరిస్థితులు బాగుంటే మీకున్న శక్తి పూర్తిగా వాడుకోవచ్చు, లేని శక్తి కుర్చీ ఇవ్వదు. అలాగని ఒక్కసారికే తీర్పు చెప్పుకోకండి. మీరు తప్పు పట్టుకుందామని కూర్చుని ఉంటారు :)

ఋజువేది | శుక్రవారం, సాయంత్రం 4:31

కొంచెం.

తొందరపిచ్చుక | శనివారం, ఉదయం 11:00

సారీ అందరికీ. ఇంకో డౌటు. చిన్నప్పుడు పోయిన జ్ఞాపకాలు దీంతో తెచ్చుకోవచ్చా?

పాతగడియారం | శనివారం, మధ్యాహ్నం 12:15

దానికి మాత్రం వాడొద్దు. హిప్నాసిస్‌లో వచ్చే జ్ఞాపకాల్లో ఊహ కలిసిపోతుంది, పైగా అవి నిజమన్న నమ్మకం గట్టిపడుతుంది. కుటుంబాలు చెడిపోయేంత దాకా పోయిన సందర్భాలున్నాయి.

రెప్పపాటు | మరుసటి బుధవారం, రాత్రి 9:40

అప్‌డేట్. నా గొంతుతో రికార్డు చేసుకున్నా, మొదట విని సిగ్గేసింది, రెండోరోజుకి అలవాటైంది. శనివారం కుడి చెయ్యి బరువెక్కింది. ఆదివారం ఏమీ లేదు. సోమవారం అలారం మోగితే ఐదు నిమిషాలకే మోగిందేమిటని విసుక్కున్నా, చూస్తే ఇరవై అయిపోయాయి. నీలం బల్బు పీకేశాను, మామూలు లైటే.

గోళ్లంటారా, ఈరోజు మీటింగులో చెయ్యి సగం దూరం లేచి ఆగింది, వేళ్లు తాకాయి. మధ్యాహ్నం ఇంకోసారి మాత్రం చిటికెనవేలు అయిపోయాకే చూసుకున్నా.

నీలిగోరింట | మరుసటి బుధవారం, రాత్రి 10:05

సగం దూరంలో ఆగడం చాలా పెద్ద విషయమండీ. నేను మొదటిసారి పళ్ల డాక్టరు వెయిటింగ్ రూములో కూర్చుని తిరిగొచ్చేశాను, రెండోసారి కుర్చీ దాకా వెళ్లాను, మూడోసారి నోరు తెరిచాను.

రాత్రిడ్యూటీ | మరుసటి శుక్రవారం, మధ్యాహ్నం 12:50

కాగితంపడవ గారూ, మీ పిచ్చి సలహా వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. డ్రిల్లు మోగితే చాలు, భుజాలు వాటంతటవే జారిపోయేవి. మొన్నటితో ఆ బిల్డింగు పని అయిపోయింది. రెండ్రోజులుగా చుట్టూ నిశ్శబ్దం. కుర్చీలో కూర్చుంటే మెషీన్ ఎప్పుడు మోగుతుందా అని చెవులు రిక్కించి వింటున్నాను. ఏం చేయమంటారు?

ఋజువేది | మరుసటి శుక్రవారం, మధ్యాహ్నం 12:58

రికార్డింగు దొరుకుతుంది, వెతకండి. వాన చప్పుడు పక్కనే ఉంటుంది.